రైలు ప్రమాదం జరిగితే ఏ తలుపు తట్టాలి? ఎన్నాళ్లలోపు తట్టాలి?

(నిజామాబాదు పట్టణంలో జరిగిన న్యాయ అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను న్యాయవాదిని కాను. రెవెన్యూ శాఖలో మూడు దశాబ్దాలకు పైగా గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. చట్టం గురించి మాట్లాడే అర్హత నాకెక్కడిదని మీరు అడగవచ్చు. ఆ అర్హత నాకు ఒక పొరపాటు వల్ల వచ్చింది. ముందుగా దానినే మీ ముందు ఉంచుతాను.

అది 1999వ సంవత్సరం. నేను ఈ జిల్లాలోని ఒక కార్యాలయంలో పనిచేస్తున్నాను. బోధన్ దగ్గరి ఒక పల్లె నుండి ఒక సోదరి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కోసం వచ్చింది. ఆమె భర్త చెరకు గానుగాడే కాలంలో చక్కెర ఫ్యాక్టరీలో కూలీగా పనిచేసేవాడు. సీజను ముగిశాక పనుల కోసం నాందేడ్ వైపు వెళ్తూ, రాత్రిపూట కిక్కిరిసిన పాసింజరు బండి తలుపు దగ్గర నిలబడి, జారిపడి మరణించాడు. తెల్లవారి పట్టాల పక్కన మయ్యత్ దొరికింది. జేబులో టిక్కెట్టు దొరకలేదు. ఆమె ఇద్దత్ పూర్తి చేసుకొని, ఊళ్లో ఎవరో చెప్పగా కాగితాల కోసం బయలుదేరి వచ్చింది. అప్పటికి అయిదు నెలలు గడిచాయి.

నేను ధ్రువపత్రం ఇప్పించాను. "భాయ్, రైలువాళ్లు ఏమైనా ఇస్తారా?" అని ఆమె అడిగింది. నేను ఏ పుస్తకమూ తెరవకుండా, ఎవరినీ అడగకుండా, "టిక్కెట్టు దొరకలేదు, పైగా తలుపు దగ్గర నిలబడటం ఆయన తప్పు. ఏమీ రాదు బహెన్" అన్నాను. ప్రభుత్వ కార్యాలయంలో కుర్చీలో కూర్చున్నవాడు చెప్పిన మాట కాబట్టి ఆమె నమ్మింది, వెళ్లిపోయింది. బీడీలు చుట్టి ముగ్గురు పిల్లలను పెంచింది.

పదవీ విరమణ తరువాత ఇలాంటి వ్యవహారాలలో నలుగురికీ సాయం చేస్తూ చట్టం చదవడం మొదలుపెట్టాను. అప్పుడు తెలిసింది, నేను చెప్పిన రెండు మాటలూ తప్పేనని. ఆమె నా దగ్గరికి వచ్చిన నాటికి చట్టప్రకారం ఆమెకు ఇంకా ఏడు నెలల గడువు ఉన్నది. ఆనాటి నిబంధనల ప్రకారం మరణానికి పరిహారం 4 లక్షల రూపాయలు. బీడీలు చుట్టే ఇంట్లో 1999లో 4 లక్షలంటే ఏమిటో ఈ సభలో ఉన్న తల్లులకు నేను వివరించనక్కరలేదు.

ఆమెను వెతుక్కుంటూ వెళ్లి మాఫీ అడిగాను. చాలాసేపు ఆమె ఏమీ అనలేదు. చివరకు, "ఇప్పుడెవరైనా నాలాగా వచ్చి అడిగితే ఏం చెబుతారు?" అన్నది. ఈ ప్రసంగం ఆ ప్రశ్నకు నేను చెప్పుకుంటున్న జవాబు.

సోదరులారా! మొదట తెలుసుకోవలసినది ఏ తలుపు తట్టాలన్నది. రైలు ప్రయాణికుల మరణ, గాయాల పరిహారాలను విచారించేందుకు 1987లో రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్ చట్టాన్ని చేశారు. 1989 నవంబరు నుండి ఆ ట్రిబ్యునళ్లు పనిచేస్తున్నాయి. మనకు సంబంధించిన బెంచి సికింద్రాబాదులో ఉన్నది. ఒక న్యాయ సభ్యుడు, రైల్వే వ్యవహారాలు తెలిసిన ఒక సాంకేతిక సభ్యుడు అక్కడ విచారణ జరుపుతారు. ట్రిబ్యునల్ పరిధిలోకి వచ్చే విషయాలను సివిల్ కోర్టుగానీ మరే అధికార సంస్థగానీ విచారించరాదని ఆ చట్టంలోని 15వ సెక్షను చెబుతున్నది. కాబట్టి జిల్లా కోర్టులో దావా వేస్తామనీ, కలెక్టరుగారికి అర్జీ ఇస్తామనీ తిరిగితే కాలం పోతుందే గాని పరిహారం రాదు.

మన ప్రాంతం వారికి ఇక్కడ ఒక సందేహం వస్తుంది. నిజామాబాదు, బోధన్‌ల నుండి మనవాళ్లు దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో ముంబయికి, అక్కడి నుండి గల్ఫ్‌కు పోతుంటారు. అజంతా ఎక్స్‌ప్రెస్‌లో మన్మాడ్ వైపు పోతుంటారు. ప్రమాదం మహారాష్ట్రలో జరిగితే కేసు కూడా మహారాష్ట్రలోనే వేయాలేమోనని భయపడి ఊరుకున్న కుటుంబాలు ఉన్నాయి. అలా ఏమీ లేదు. టిక్కెట్టు కొన్న చోటు, ప్రమాదం జరిగిన చోటు, చేరవలసిన స్టేషను, అర్జీదారు సాధారణంగా నివసించే చోటు - వీటిలో దేనిమీద అధికారం ఉన్న బెంచిలోనైనా అర్జీ పెట్టవచ్చు. ప్రమాదం నాసిక్ దగ్గర జరిగినా బోధన్‌లో నివసించే భార్య సికింద్రాబాదులో అర్జీ వేసుకోవచ్చు. మరణం, గాయాలకు సంబంధించిన ఈ అర్జీకి కోర్టు ఫీజు లేదు.

ఇక రెండవది, ఏ ప్రమాదానికి పరిహారం వస్తుందన్నది. 1989 నాటి రైల్వే చట్టం దీనిని రెండుగా విడదీసింది. రైళ్లు ఢీకొనడం, పట్టాలు తప్పడం వంటివి 124వ సెక్షను కిందికి వస్తాయి. 2005 అక్టోబరులో వలిగొండ దగ్గర వరద నీటికి కట్ట కొట్టుకుపోయి డెల్టా పాసింజరు పడిపోయిన దుర్ఘటన, 2023 జూన్ 2న ఒడిశాలో బాలాసోర్ జిల్లా బహానగా బజార్ దగ్గర జరిగిన ఘోర ప్రమాదం, అదే ఏడాది అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి వద్ద రెండు పాసింజర్లు ఢీకొన్న ప్రమాదం ఈ కోవలోనివే. ఇటువంటివి పత్రికల్లో పెద్ద అక్షరాలతో వస్తాయి, అధికారులు తామే ముందుకు వస్తారు.

కాని మన పల్లెల్లో జరిగేవి ఎక్కువగా రెండవ రకానివి. ఒక్కడు ఒక్కచోట పడిపోతాడు, పత్రికలో రెండు పంక్తులు వస్తాయి. 1994 ఆగస్టు 1 నుండి అమలులోకి వచ్చిన 124-ఏ సెక్షను ఇటువంటి వారి కోసమే. చట్టం దీనిని "అవాంఛనీయ సంఘటన" అంటుంది. ప్రయాణికుల బండి నుండి ప్రమాదవశాత్తు పడిపోవడం, బండిలోగాని స్టేషను ఆవరణలోగాని ఉగ్రవాద చర్య, హింసాత్మక దాడి, దోపిడీ, అల్లర్లు, కాల్పులు, గృహదహనం వంటి నేరాలకు గురికావడం ఇందులోకి వస్తాయి. 2023 జూలై 31న జైపూర్–ముంబయి బండిలో, రక్షణగా ఉండవలసిన రైల్వే రక్షక దళం కానిస్టేబులే తన పై అధికారిని, ముగ్గురు ముస్లిం ప్రయాణికులను కాల్చి చంపిన సంగతి మనమెవ్వరమూ మరువలేదు. ఆ ముగ్గురిలో ఒకరు హైదరాబాదు వాసి. చంపినవాడికి శిక్ష పడటం క్రిమినల్ కోర్టు పని, అది వేరే దారి. ఆ తీర్పు కోసం ఎదురుచూడకుండానే బండిలో జరిగిన హింసాత్మక దాడికి పరిహారం కోరే హక్కు చట్టం ఇచ్చింది. ఈ రెండు దారులూ వేరువేరని తెలియక, ముందు ఒకటి తేలాలని కూర్చోకూడదు.

124-ఏ సెక్షనులో రైల్వే వారి తప్పు ఉన్నదని మనం నిరూపించనక్కరలేదు. తప్పు ఎవరిదైనా, అసలు ఎవరిదీ కాకపోయినా పరిహారం ఇవ్వవలసినదే. ఆత్మహత్య, ఆత్మహత్యా ప్రయత్నం, తనకు తాను చేసుకున్న గాయం, తన నేరం, మత్తు, మతిస్థిమితం లేని స్థితిలో చేసిన పని, సహజ వ్యాధి - ఇవి మాత్రమే మినహాయింపులు. తలుపు దగ్గర నిలబడటం ఈ మినహాయింపుల్లో లేదు. 2010లో జమీలా కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతే తేల్చింది. కదులుతున్న బండి తలుపు దగ్గర నిలబడటం అజాగ్రత్త కావచ్చును గాని నేరం కాదన్నది. హైకోర్టులో ఓడిన ఆ కుటుంబానికి పరిహారాన్ని నిలబెట్టింది. అంతకుముందు 2008లో ప్రభాకరన్ విజయకుమార్ కేసులో, బండి ఎక్కబోతూ పడిపోయినా అది బండి నుండి పడిపోవడమేనని అదే కోర్టు చెప్పింది.

ఇక టిక్కెట్టు సంగతి. 2018 మే 9న రీనా దేవి కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ విషయంలో మనకు ఆధారం. టిక్కెట్టు దొరకలేదన్న ఒక్క కారణంతో మృతుడు ప్రయాణికుడు కాడని తీర్మానించరాదని అందులో చెప్పారు. అయితే ఆ తీర్పులోని రెండవ సగాన్ని కూడా నేను దాచకుండా చెప్పాలి. పట్టాల పక్కన దేహం దొరికినంత మాత్రాన అతడు ప్రయాణికుడని తేలిపోదు. మొదటి భారం అర్జీదారుదే. ఏ రోజు, ఎక్కడ, ఏ బండి ఎక్కాడు, ఎక్కడికి పోతున్నాడు, టిక్కెట్టు కొనగా ఎవరు చూశారు, స్టేషనులో ఎవరు దించివచ్చారు అన్నది ప్రమాణపత్రంలో వివరంగా రాయాలి. ఆ తరువాత కాదని నిరూపించే భారం రైల్వే మీద పడుతుంది. రిజర్వేషను అయితే పీఎన్ఆర్ నంబరు, ఫోనులో తీసుకున్న టిక్కెట్టయితే ఆ ఫోను, నెలవారీ పాసయితే దాని నకలు సాక్ష్యాలే. అందుకే మృతుని ఫోనును వెంటనే అమ్మవద్దు, సిమ్‌ను మూయించవద్దు.

ఇక్కడే మరొక మాట. టిక్కెట్టు లేదు కదా అని ఎవరిదో పాత టిక్కెట్టు తెచ్చి పెడదామనే దళారులు ఉంటారు. అది హరామ్, నేరం కూడా. నిజంగా ప్రయాణికుడైన వాడి కేసును కూడా ఆ ఒక్క అబద్ధం ముంచుతుంది. పట్టాలు దాటుతూ బండి కింద పడినవారికి ఈ సెక్షను వర్తించదు. అది మనకు బాధ కలిగించినా నిజం నిజమే.

ఇంకొక తలుపు గురించి చెప్పాలి. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర, మన నిజామాబాదు మీదుగా పోయే నాందేడ్–సికింద్రాబాద్ పాసింజరు, కాపలా లేని గేటు వద్ద బడి బస్సును ఢీకొని పదిమందికి పైగా పసిపిల్లలు మరణించారు. ఆ పిల్లలు బస్సులో ఉన్నారు, రైలు ప్రయాణికులు కారు. ఇటువంటి గేటు ప్రమాదాల్లో మోటారు వాహనం కూడా ఉంటుంది కాబట్టి జిల్లాలోని మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు పోవాలి. రైల్వేను కూడా అక్కడే ప్రతివాదిగా చేర్చవచ్చునని భగవతీ ప్రసాద్ కేసులో 2002లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ చట్టంలో ఇప్పుడు ఆరు నెలల గడువు పెట్టారు. ఎక్కడ ఉండగా ప్రమాదం జరిగింది, బండి లోపలా బయటా అన్న ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలావరకు తలుపు ఏదో తెలిసిపోతుంది.

మూడవది గడువు. రైల్వే ట్రిబ్యునల్‌లో అర్జీ ప్రమాదం జరిగిన నాటి నుండి ఒక ఏడాదిలోపు వేయాలి. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉన్నది. కాని ఆ మన్నింపు మీద ఆధారపడి కూర్చోవడం తెలివి కాదు.

మన ఇళ్లలో ఈ ఏడాది ఎలా కరిగిపోతుందో చూడండి. భర్త పోయిన స్త్రీ నాలుగు నెలల పది రోజులు, గర్భవతి అయితే ప్రసవం వరకు ఇద్దత్‌లో ఉంటుంది. అప్పటిదాకా కాగితాల ఊసెత్తడం బాగుండదని మగవాళ్లు ఊరుకుంటారు. తరువాత ఎవరి పనుల్లో వాళ్లు పడతారు. ఆమె ఒక్కతే మిగులుతుంది. ఇద్దత్‌ను గౌరవిస్తూనే పని సాగించే మార్గం చట్టంలోనే ఉన్నది. ఆశ్రితులలో ఎవరైనా ఒక్కరు అర్జీ వేస్తే అది మిగతా ఆశ్రితులందరి మేలు కోసం వేసినట్టేనని 125వ సెక్షను చెబుతున్నది. పెద్ద కొడుకు వేయవచ్చు. పిల్లల తరఫున సంరక్షకుడు వేయవచ్చు. ఆమె గడప దాటకుండానే మిగతా కాగితాలు సేకరించి పెట్టడం మొహల్లా పెద్దల బాధ్యత.

రెండవ చిక్కు జనాజా తొందర. మయ్యత్‌ను త్వరగా ఖననం చేయాలనే మన ధర్మం మంచిదే. కాని పోస్టుమార్టం వద్దని పోలీసులను బతిమాలి దేహాన్ని తీసుకుపోయిన కుటుంబాలను నేను చూశాను. శవపంచనామా, పోస్టుమార్టం నివేదిక లేకపోతే ఆ మనిషి బండి నుండి పడి మరణించాడని రేపు ఏ కాగితం చెబుతుంది? ఒక పూట ఆలస్యమైనా ఆ రెండూ జరగనివ్వండి. అనుమానాస్పద మరణంలో అవి ఎలాగూ చట్టం కోరేవే. పెద్దలు, ఇమామ్‌సాబ్‌లు ఈ మాటను ఆ సమయంలో కుటుంబానికి నెమ్మదిగా చెప్పాలి.

మూడవ చిక్కు పేర్లు. ఆధార్‌లో మహమ్మద్, రేషను కార్డులో ఎండీ, బడి రికార్డులో మొహమ్మద్. తల్లి పేరు ఒకచోట బీ, ఒకచోట బేగం. ఇద్దరూ ఒకరేనా అన్న ప్రశ్నతోనే నెలలు గడుస్తాయి. మూడు పేర్లూ ఒకే మనిషివని నోటరీ ప్రమాణపత్రం మొదటే జతపరచండి. రైల్వే పోలీసులు ప్రథమ సమాచార నివేదిక రాసేటప్పుడు పేరు, తండ్రి పేరు సరిగా పడ్డాయో లేదో అక్కడే చదివించుకోండి. గుమాస్తాగా నా అనుభవం చెబుతున్నాను: మొదటి కాగితంలో పడ్డ తప్పు పదో కాగితం దాకా నడుస్తుంది.

గాయపడినవారు ఆసుపత్రిలో చేరగానే, రైలు నుండి పడి గాయపడినట్టు రికార్డులో రాయించాలి. డిశ్చార్జి పత్రాలు, ఎక్స్‌రేలు, అంగవైకల్య ధ్రువపత్రం భద్రపరచాలి. ప్రమాదం గురించి స్టేషను మాస్టరుకు సమాచారం చేరాలి. రైల్వే రక్షక దళం వేరుగా విచారించి డివిజనల్ రైల్వే మేనేజరుకు నివేదిక ఇస్తుంది. ఆ నివేదిక నకలును మనమూ కోరి తీసుకోవాలి. అందులో ఏమి రాశారో తెలియకుండా ట్రిబ్యునల్‌కు పోవడం కళ్లు మూసుకొని నడవడమే.

ఇక పరిహారం ఎంత? 2017 జనవరి 1 నుండి మరణానికి 8 లక్షలు. రెండు చేతులు పోయినా, ఒక చెయ్యి ఒక పాదం పోయినా, పనిచేయలేనంతగా చూపు పోయినా అంతే మొత్తం. మిగతా గాయాలకు నిబంధనల పట్టికలో వేరువేరు మొత్తాలు ఉన్నాయి. పట్టికలో లేని గాయానికి కూడా బాధను బట్టి ట్రిబ్యునల్ నిర్ణయించవచ్చు. అధికారికైనా బీడీ కార్మికురాలికైనా, గాలిమోటారులో తిరిగేవాడికైనా గాడిమీద పండ్లు అమ్మేవాడికైనా ఇందులో ఒకటే లెక్క. 2017కు ముందు జరిగిన ప్రమాదం కేసు ఇంకా నడుస్తుంటే, అప్పటి మొత్తానికి వడ్డీ కలిపితే వచ్చేదీ, తీర్పు నాటి మొత్తమూ పోల్చి ఏది ఎక్కువైతే అది ఇవ్వాలని రీనా దేవి తీర్పులో ఉన్నది.

ప్రమాదం జరిగిన వెంటనే ఇచ్చే ఎక్స్‌గ్రేషియా వేరు. 2023 సెప్టెంబరులో సవరించిన ప్రకారం రైలు ప్రమాద మరణానికి అది 5 లక్షలు, అవాంఛనీయ సంఘటనలో మరణానికి 1 లక్షా 50 వేలు. అది తక్షణ ఖర్చుల కోసం ఇచ్చే సాయం. దానిని తీసుకున్నంత మాత్రాన ట్రిబ్యునల్‌కు పోయే హక్కు పోదు. డబ్బు ముట్టింది కదా అని అక్కడితో ఆగిపోవద్దు.

ఈ డబ్బు తీసుకోవడం మయ్యత్‌ను అమ్ముకోవడమని కొందరు పెద్దలు అనడం విన్నాను. పొరపాటున ప్రాణం పోయినప్పుడు కుటుంబానికి దియత్ చెల్లించాలన్న నియమం మన దీన్‌కు కొత్త కాదు. మిగిలినవారు చెయ్యి చాపకుండా బతకాలన్నదే అందులోని ఉద్దేశం. సందేహం ఉన్నవారు ఆలిమ్‌ను అడగండి. అడగకుండా యతీముల హక్కును వదిలేయకండి. అలాగే ఈ మొత్తం విరాసత్ ఆస్తి వంటిది కాదు. భార్య, భర్త, కొడుకులు, కూతుళ్లు, మృతునిపై ఆధారపడిన తల్లిదండ్రులు, మైనరు తమ్ముళ్లు, పెళ్లికాని లేదా వితంతువైన అక్కచెల్లెళ్లు వంటి ఆశ్రితులెవరో రైల్వే చట్టమే చెప్పింది. ఎవరికెంతో ట్రిబ్యునల్ నిర్ణయిస్తుంది. కోడలికి వచ్చినది మాకు రాసివ్వమని అత్తింటివారు పంచాయతీ పెట్టడం న్యాయం కాదు.

చివరగా, వకీలు గురించి. సగం నాకు సగం నీకు అనే ఒప్పందానికి తల ఊపవద్దు. ఖాళీ కాగితంపై సంతకంగాని వేలిముద్రగాని వేయవద్దు. బ్యాంకు పాసుపుస్తకం, ఏటీఎం కార్డు ఎవరి చేతికీ ఇవ్వవద్దు. స్త్రీలకు, పిల్లలకు, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉన్నది. మన కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉన్నది. ట్రిబ్యునల్‌లో ఓడినా 90 రోజుల్లో హైకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు.

సోదరులారా! 1937లో వెలసిన మన చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఊళ్లో పని లేనివాడు బండి ఎక్కక తప్పదు. సీటు దొరకనివాడు తలుపు దగ్గర నిలబడక తప్పదు. కాబట్టి ఈ విషయం మళ్లీ మన ఇళ్లకే వస్తుంది. మీ మొహల్లాలో చదువుకున్న ఒక యువకుడు, ఒక యువతి ఈ నాలుగు మాటలు గుర్తుపెట్టుకుంటే చాలు: సికింద్రాబాదు ట్రిబ్యునల్, ఒక ఏడాది, పోస్టుమార్టం, ప్రమాణపత్రం. తెలియని సంగతి ఎవరైనా అడిగితే "ఏమీ రాదు" అనకండి. "కనుక్కొని చెబుతాను" అనండి. నేను ఆనాడు ఆ ఒక్క మాట అని ఉంటే ఒక ఇల్లు మరోలా ఉండేది.